నేల కింద పొయ్యి

కొరియా సీరియల్స్ చూసే అలవాటున్న మనవాళ్ళు ఒక సంగతి గమనించే ఉంటారు. బయట మంచు కురుస్తూ ఉంటుంది. ఇంట్లోకి రాగానే చెప్పులు విప్పేసి, కోటు ఒక పక్కన పడేసి, వచ్చినవాళ్ళు వచ్చినట్టు నేలమీద చతికిలబడతారు. అన్నం నేలమీదే, చదువు నేలమీదే, అలకలూ ఏడుపులూ కూడా నేలమీదే. సోఫా ఉన్నా దానికి వీపు ఆనించుకుని కిందే కూర్చుంటారు. మనమూ కింద కూర్చుని తినడం తెలిసినవాళ్ళమే కనుక మొదట్లో ఇదేమీ వింతగా అనిపించదు. కాస్త ఆలోచిస్తే తెలుస్తుంది తేడా. మనం నేలమీద వాలేది చల్లగా ఉంటుందని. వాళ్ళు వాలేది వెచ్చగా ఉంటుందని.

మన ఇళ్ళ నేలలన్నీ ఎండాకాలాన్ని దృష్టిలో పెట్టుకుని పరిచినవే కదా. షాబాద్ బండలు, బేతంచర్ల నాపరాళ్ళు, ఇంకా వెనక్కి వెళితే పేడతో అలికిన మట్టినేల. మే నెల మధ్యాహ్నం పనులన్నీ అయ్యాక, నేల తడిగుడ్డతో ఒకసారి తుడిచి, కొంగు పరుచుకుని పడుకుంటే ఉండే సుఖం ఏసీ గదిలో ఎక్కడిది? అదే నేల పుష్యమాసంలో కాలు పెడితే ఝల్లుమంటుంది. అప్పుడు చాప, చాప మీద బొంత, బొంత మీద దుప్పటి. ఇల్లు వెచ్చబెట్టుకోవడం అనే ఆలోచనే మనకు పెద్దగా లేదు. చలేస్తే వీధిలో నాలుగు పుల్లలు పోగేసి చలిమంట వేసుకోవడం, తెల్లారాక అరుగు మీద ఎండ కాగడం. అంతటితో సరి.

కొరియాలో అలా కుదరదు. జనవరిలో సోల్ నగరంలో ఉష్ణోగ్రత సున్నాకు పది డిగ్రీలు కిందికి దిగడం మామూలే. అందుకని అక్కడివాళ్ళు పొయ్యిని నేల కిందికి పంపించారు. దాని పేరు ఒండోల్. ‘వెచ్చని రాయి’ అని అర్థం చెప్తారు. ఈ మధ్య దీని చరిత్ర కొంచెం కొంచెంగా చదువుతూ వచ్చాను. పాతకాలపు ఇళ్ళ గురించి ఏం చదివినా నాకు మొదట వచ్చే ప్రశ్న ఒకటే: సరే, బాగుంది, మరి ఆ పని ఎవరు చేసేవాళ్ళు? ఒండోల్ విషయంలో ఆ ప్రశ్న పట్టుకుని వెళితే చాలా దూరమే వెళ్ళాల్సి వచ్చింది.

ముందు అది ఎలా పనిచేస్తుందో చెప్తాను. పాతకాలపు కొరియా ఇంట్లో వంటిల్లు పక్కగదుల కన్నా పల్లంలో ఉంటుంది, రెండు మూడు మెట్లు దిగినంత. పొయ్యి గోడకు ఆనుకుని ఉంటుంది. పొయ్యి మీద పెద్ద ఇనుప బాన. మన పొయ్యిలో పొగ పైకి లేచి ఇల్లంతా కమ్ముతుంది. వాళ్ళ పొయ్యిలో మంటా పొగా వెనక్కి, అంటే పక్కగది నేల కిందికి పోతాయి. అక్కడ రాళ్ళతో కట్టిన సన్నని కాలువలు వరసగా ఉంటాయి. ఆ కాలువల మీద పలకరాళ్ళు పరిచి, పైన మట్టి మెత్తి, దానిమీద పొరలు పొరలుగా కాగితం అతికిస్తారు. ఆ కాగితానికి రుబ్బిన సోయాగింజలూ నూనే కలిపి పట్టిస్తే పసుపుపచ్చగా నిగనిగలాడుతూ, తడిగుడ్డతో తుడవడానికి వీలుగా తయారవుతుంది. పొగ కాలువలన్నీ తిరిగి అవతలి వైపు గొట్టంలోంచి బయటికి పోతుంది. రాళ్ళు మాత్రం ఆ వేడిని దాచుకుంటాయి. సాయంత్రం అన్నం వండిన మంటతో కాగిన రాయి తెల్లవారుజాము దాకా ఆ వేడిని కొద్దికొద్దిగా వదులుతుంది. ఎండకు కాగిన గోడకు సాయంత్రం పూట వీపు ఆనిస్తే ఎలా ఉంటుందో మనకు తెలుసు కదా, గాలి చల్లగానే ఉన్నా ఒళ్ళు వెచ్చబడుతుంది. అలాంటి వేడే ఇది కూడా. వేడిగాలి ఊదే హీటరైతే ఆ గాలంతా పైకప్పుకు చేరిపోతుంది, కాళ్ళు చల్లగానే ఉంటాయి. నేల వెచ్చగా ఉంటే కాళ్ళ దగ్గరినుంచి మొదలవుతుంది సుఖం.

ఒకే మంటతో అన్నమూ ఉడికింది, గదీ వెచ్చబడింది. ఎవరు కనిపెట్టారో గానీ, రెండు పనులు ఒకేసారి అయ్యేట్టు చూసుకునే బుద్ధి వంటింట్లో తిరిగిన మనిషిదే అయి ఉంటుందని నా నమ్మకం. రుజువేమీ లేదు లెండి!

దీని పుట్టుక చాలా పాతది. ఉత్తర కొరియా, చైనా, రష్యా సరిహద్దులు కలిసే ప్రాంతంలో తవ్వకాల్లో రెండువేల ఏళ్ళకు పైబడిన ఇళ్ళు బయటపడ్డాయి. వాటిలో గోడ వెంబడి ఎల్ అక్షరం ఆకారంలో పొగకాలువ ఉంది. అప్పటికి గది మొత్తం కాదు, ఒక అరుగు మాత్రమే వెచ్చబడేది. అక్కడి పాత రాజ్యాల్లో పెద్దది గోగుర్యో. 10వ శతాబ్దంలో చైనాలో కూర్చిన తాంగ్ వంశ చరిత్రలో ఆ ప్రజల గురించి ఒక ముక్క ఉంది: వాళ్ళలో బీదవాళ్ళు ఎక్కువ, చలికాలం పొడుగాటి కాలువలు కట్టి, కింద సన్నని నిప్పు రాజేసి వెచ్చబెట్టుకుంటారు అని. ఆ ‘సన్నని నిప్పు’ అన్నమాట చదవగానే నాకు పల్లెటూళ్ళలో పిడకలు పేర్చి, కుండలో పాలు ఎర్రగా కాగబెట్టే దాలి గుర్తొచ్చింది. ఇంకో సంగతి గమనించండి. బీదవాళ్ళు చేసుకునే ఏర్పాటుగా దీన్ని రాశాడు ఆ చరిత్రకారుడు. తరవాతి కాలంలో రాజుల అంతఃపురాలకు వెళ్ళింది, ఇప్పుడు ధనవంతుల ఇళ్ళలో ఖరీదైన సౌకర్యం అనిపించుకుంటోంది.

అరుగు నుంచి గది మొత్తానికి పాకడానికి వందల ఏళ్ళు పట్టింది. కొరియా దక్షిణాన జిరి పర్వతం మీద చిల్‌బుల్సా అనే బౌద్ధాలయంలో ఒక ధ్యానమందిరం ఉంది. దాని నేల కింద వెయ్యేళ్ళ కిందట కట్టిన ఒండోల్ ఒకసారి నిప్పు వేస్తే వంద రోజులు వెచ్చగా ఉండేదని చెప్పుకుంటారు. వంద రోజుల మాట స్థలపురాణం అనుకున్నా, అన్నేళ్ళ కిందటే సన్యాసులకు నేల వెచ్చబెట్టే విద్య తెలుసన్నది నిజం. జోసన్ రాజుల కాలంలో కూడా (అది 1392లో మొదలైంది) మొదట్లో పెద్ద ఇళ్ళలో సైతం ముసలివాళ్ళకూ జబ్బుపడ్డవాళ్ళకూ మాత్రమే ఒండోల్ గది ఉండేది. 17వ శతాబ్దంలో చలి బాగా ముదిరింది. అప్పటినుంచీ పెద్దా చిన్నా, ఉత్తరమూ దక్షిణమూ తేడా లేకుండా అన్ని ఇళ్ళకీ పాకింది. దాంతోపాటే చెక్కపలకలు పరిచిన ‘మారు’ అనే వసారా కూడా నిలిచింది, వేసవికి. ఒకే ఇంట్లో చలికాలానికో నేల, ఎండాకాలానికో నేల.

నేల వెచ్చబడేసరికి బతుకంతా నేలమీదికి దిగింది. మంచాలు పోయి పరుపులు వచ్చాయి, పొద్దున్నే మడిచి బీరువాలో పెట్టేవి. భోజనానికి పొట్టికాళ్ళ బల్లలు వచ్చాయి. ఆ బల్లలు వంటింట్లోనే సర్ది, గిన్నెలతో సహా ఎత్తుకుని, మెట్లెక్కి, ఎత్తైన గడప దాటి గదిలోకి తీసుకురావాలి. ఎవరు? ఇంటి కోడలు. మామగారికి ఒక బల్ల, భర్తకు ఒకటి, అత్తగారికీ పిల్లలకూ ఇంకొకటి. గది వెచ్చగా ఉండటానికి వంటిల్లు పల్లంలో ఉండాలి. వంటిల్లు పల్లంలో ఉంది కాబట్టి కోడలు రోజుకు అన్నిసార్లు ఎక్కీ దిగీ చావాలి. ఇల్లు కట్టిన పద్ధతిలోనే ఆమె నడుం నొప్పి కూడా ఉందన్నమాట.

నిప్పు సంగతి ఇంకా గట్టిది. అగ్గిపెట్టెలు లేని రోజుల్లో నిప్పు ఆరకుండా చూసుకోవడం కోడలి పూచీ. రాత్రి కణికల మీద బూడిద కప్పి, పొద్దున్నే మళ్ళీ రాజేయాలి. మన పల్లెల్లో నిప్పు ఆరిపోతే పక్కింటికి వెళ్ళి పిడక మీద కాస్త నిప్పు తెచ్చుకునేవాళ్ళు, అందులో నామోషీ ఏమీ లేదు. అక్కడ మాత్రం పెద్దింటి నిప్పు ఆరడం అంటే ఇంటి అదృష్టం ఆరడమే. తరాల తరబడి అత్త నుంచి కోడలికి నిప్పు అందేదని చెప్పుకునే ఇళ్ళున్నాయి. వంటింట్లో పొయ్యికి ఒక దేవత కూడా ఉంది. తెల్లవారకముందే లేచి, కొత్తగా తోడిన నీళ్ళు ఒక గిన్నెతో ఆ దేవత ముందు పెట్టి దణ్ణం పెట్టుకుని పని మొదలుపెట్టేది ఇల్లాలు. ఇల్లంతా నిద్రలో ఉండగా లేచి, అందరి వీపుల కిందా వేడి పుట్టించే మనిషి ఆమె.

మరి ఆ వేడిలో ఆమె వాటా ఎంత?

పొయ్యికి దగ్గరగా ఉన్న వైపు నేల బాగా కాలుతుంది, దూరంగా ఉన్న వైపు ఓ మోస్తరు వెచ్చగా, చివరికి చల్లగా ఉంటుంది. అందుకే గదికి రెండు పేర్లున్నాయి. పొయ్యివైపు ‘అరెన్‌మోక్’, అవతలివైపు ‘విన్‌మోక్’. అరెన్‌మోక్ ఇంటి పెద్దలది. అతిథి వస్తే మర్యాదగా అక్కడికి పిలుస్తారు. వయసు తగ్గేకొద్దీ, హోదా తగ్గేకొద్దీ జరుగుతూ జరుగుతూ వస్తే చివర తలుపు పక్కన చల్లని మూలలో కోడలు. మన పంక్తి భోజనాల్లో ఎవరెక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పకుండానే తెలిసినట్టు, అక్కడ ఎవరి ఒంటికి ఎంత వేడి తగలాలో నేలే చెప్పేది.

అయితే ఈ మాట ఇక్కడితో ఆపితే అన్యాయమవుతుంది. ఆ వెచ్చని మూలకు ఇంకో ముఖం ఉంది. రాత్రి ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం మూతపెట్టిన అన్నం గిన్నెను అరెన్‌మోక్‌లో బొంత కింద దాచేవాళ్ళు తల్లులు. ఎంత పొద్దుపోయి వచ్చినా అన్నం వేడిగా ఉండేది. ఒక వయసు దాటిన కొరియావాళ్ళను అడిగితే అమ్మ అనగానే ఆ బొంత కింది గిన్నె గుర్తుకు వస్తుందంటారు. సోయాగింజలు ఉడకబెట్టి దంచి కట్టిన ‘మేజు’ అనే దిమ్మలు పులిసేది ఆ వేడిలోనే. పిల్లలకు జలుబు చేస్తే పడుకోబెట్టేదీ అక్కడే.

ఇక బాలింత. పురుడు వచ్చాక మూడు వారాలు, సరిగ్గా ఇరవైఒక్క రోజులు, ఆ వెచ్చని నేల కోడలిది. బయట గుమ్మానికి గడ్డితాడు కట్టి పరాయివాళ్ళను రానివ్వరు. సముద్రపు నాచుతో కాచిన చారు మూడు పూటలా ఇస్తారు. నడుముకు వేడి తగిలితేనే ఎముకలు మళ్ళీ కూడుకుంటాయని నమ్మకం. చదువుతుంటే మన ఇంట్లో సంగతే చదువుతున్నట్టుంది నాకు. మనకూ ఇరవైఒక్క రోజుల లెక్క ఉంది. మనకూ బాలింత మంచం కింద కుంపటి పెట్టడం, సాంబ్రాణి పొగ వెయ్యడం, చెవుల్లో దూది పెట్టడం ఉన్నాయి. సంవత్సరమంతా చల్లని నేలను కోరుకునే మనం కూడా ఆ మూడు వారాలు మాత్రం మంచం కింద చిన్న ఒండోల్ పెట్టుకున్నట్టే కదా. (ఒక్కమాట చెప్పి ముందుకు పోతాను. ఇప్పటికీ ఎవరైనా పెద్దవాళ్ళు గదిలో కుంపటి పెడతామంటే పెట్టనివ్వకండి. ఎందుకో కిందికి వెళ్ళాక తెలుస్తుంది.)

రాజభవనంలో సంగతి వేరు. అక్కడ పొయ్యి వేసేవాళ్ళు కనిపించకూడదు, పొగ కూడా కనిపించకూడదు. సోల్‌లో గ్యోంగ్‌బోక్‌గుంగ్ కోటలో పట్టపురాణి మందిరం వెనక పెరటి తోట ఉంది. ఆమె గది పొగను నేల కింది నుంచి ఆ తోట దాకా నడిపించి, అక్కడ ఆరు పలకల ఎర్ర ఇటుక గొట్టాలు నాలుగు నిలబెట్టారు. వాటి మీద పూలు, పక్షులు, జంతువులు. దూరం నుంచి చూస్తే పొగగొట్టాలని ఎవరూ అనుకోరు. పక్కనే రాజమాత కోసం కట్టిన మందిరం వెనక గోడలో ఒక భాగం పెద్ద పొగగొట్టమే. దాని మీద సూర్యుడు, కొండలు, దేవదారు, కొంగలు, జింకలు, తాబేలు, అన్నీ దీర్ఘాయుష్షుకు గుర్తులు. 19వ శతాబ్దపు పని అది. భర్త పోయి, కొడుకు పోయి, పెంచుకున్న కొడుకును గద్దెనెక్కించిన రాణి ఆవిడ. ఆవిడ గది పొగ బయటికి పోయే దారి మీద నూరేళ్ళ ఆయుష్షు బొమ్మలు చెక్కారు.

ప్రతి ఇంట్లో రెండు పూటలా కట్టెలు కాలుతుంటే కొండలేం మిగులుతాయి? 19వ శతాబ్దం చివరికి ఊళ్ళ చుట్టుపక్కల కొండలు బోడిగా తయారయ్యాయి. 1894 నుంచి 1897 లోపు నాలుగుసార్లు కొరియా తిరిగిన ఇసబెల్లా బర్డ్ అనే ఇంగ్లీషావిడ పూటకూళ్ళ ఇళ్ళలో ఒండోల్ వేడికి ఒళ్ళు ఉడికిపోయిందని తన పుస్తకంలో గోలపెట్టింది. గుర్రాలకు దాణా ఉడికించే మంటే ఆ గదుల కింద నడిచేది మరి. దాణా ఉడికేదాకా మనిషి కూడా ఉడకాల్సిందే.

నేలను వెచ్చబెట్టడం కొరియావాళ్ళకే తెలుసనుకోకండి. రోమన్లు స్నానశాలల్లో ఇటుక స్తంభాల మీద నేల నిలబెట్టి కింద వేడిగాలి పంపేవాళ్ళు. ఉత్తర చైనాలో ‘కాంగ్’ అనే వెచ్చని అరుగు ఉంది, పగలు కూర్చోవడానికి, రాత్రి పడుకోవడానికి. అంత దూరం ఎందుకు, మన కశ్మీర్‌లో మసీదుల్లోనూ కొన్ని ఇళ్ళలోనూ ‘హమామ్’ ఉంటుంది. బోలుగా కట్టిన నేల మీద రాతిపలకలు, కింద కట్టెల మంట, పక్కనే రాగి పాత్రలో నీళ్ళు కాగుతూ ఉంటాయి. కానీ రోమన్ల నేల సామ్రాజ్యంతోపాటు పోయింది. బీదవాడి గుడిసె నుంచి రాణిగారి పడకగది దాకా ఒక దేశం మొత్తం ఇప్పటికీ దానిమీదే పడుకోవడం మాత్రం కొరియాలోనే చూస్తాం.

ఈ వెచ్చని నేల అమెరికాకు వెళ్ళిన తీరు ఒక కథలా ఉంటుంది. అప్పటికి కొరియా జపాన్ చేతిలో ఉంది. 1910ల దశకంలో గ్యోంగ్‌బోక్‌గుంగ్ కోటలో ఎన్నో భవనాలు పడగొట్టారు. యువరాజు నివసించే జాసొన్‌దాంగ్ అనే మందిరాన్ని విప్పదీసి ఓడలో టోక్యోకు తరలించి, ఒకురా అనే కోటీశ్వరుడి ఇంటి ఆవరణలో మళ్ళీ నిలబెట్టారు. ఆ రోజుల్లో అమెరికన్ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఇంపీరియల్ హోటల్ కట్టే పని మీద టోక్యో వచ్చాడు. చలికాలం ఒకురా ఇంట్లో విందు. వణుకుతూ భోజనం చేశాక అతిథుల్ని ‘కొరియా గది’కి తీసుకెళ్ళారు. పొయ్యి కనిపించదు, పొగ లేదు, అయినా గది వసంతకాలంలా ఉందని రైట్ తరవాత రాసుకున్నాడు. ఆ కొరియా గది విప్పి తెచ్చిన ఆ మందిరమేనని చాలామంది నమ్మకం. హోటల్ స్నానాల గదుల నేల కింద కరెంటు తీగలు వేయించాడాయన. తరవాత 1937లో విస్కాన్సిన్ రాష్ట్రంలో జేకబ్స్ దంపతులకు 5,500 డాలర్లలో కట్టిచ్చిన చిన్న ఇంట్లో నేల కింద గొట్టాలు వేశాడు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్‌లో మధ్యతరగతి కోసం వేలకొద్దీ కట్టిన ఇళ్ళకు కూడా నేలలో రాగి గొట్టాలే. కొన్నేళ్ళకు అవి తూట్లు పడి నేల పగలగొట్టాల్సి వచ్చి చాలామంది విసిగిపోయారు. తుప్పుపట్టని ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాకే ఆ పద్ధతికి మళ్ళీ మంచిరోజులు వచ్చాయి.

టోక్యోలోని ఆ మందిరం 1923 భూకంపంలో కాలిపోయింది. పునాది రాళ్ళు మాత్రం మిగిలాయి. 1990లలో వాటిని కొరియాకు తిరిగి ఇచ్చేశారు. మంటల్లో కాలి దెబ్బతిన్న రాళ్ళు కావడంతో కొత్తగా కట్టిన మందిరానికి పనికిరాలేదు. కోటలోనే ఒక పక్కన పేర్చి ఉంచారు.

ఇక అసలు కష్టకాలానికి వద్దాం. 1950లలో యుద్ధంతో దేశం నాశనమైంది, కొండల మీద చెట్లు లేవు, పల్లెల నుంచి జనం నగరాలకు పోటెత్తారు. అడవుల్ని కాపాడాలని నగరాల్లోకి కట్టెలు రానివ్వకుండా ప్రభుత్వం కట్టడి చేసింది. కట్టెల బదులు వచ్చింది ‘యొంతాన్’. రాక్షసిబొగ్గు పొడిని గుండ్రంగా అచ్చుపోసిన దిమ్మ. బాగా వాడుకలోకి వచ్చిన రకానికి 22 చిల్లులు, బరువు 3.6 కిలోలు. పాత ఒండోల్ కిందే, పాత పొయ్యి నోట్లోనే దీన్ని పెట్టారు. చలికాలం రాబోతుందంటే ఇల్లాలికి రెండు పెద్ద పనులు: చలికాలమంతటికీ సరిపడా కిమ్‌జాంగ్, అంటే కిమ్చి పచ్చడి పెట్టుకోవడం, వందలకొద్దీ యొంతాన్ దిమ్మలు కొని పేర్చుకోవడం. మనం ఎండాకాలం ఆవకాయ జాడీలు నింపుకుని, వానలు పడేలోపు పిడకలూ కట్టెలూ అటక మీదికి చేర్చినట్టు. ఆ రెండూ అయిపోతే ఇక ఏమొచ్చినా చూసుకోవచ్చని ధైర్యం.

కట్టెల మంటకూ దీనికీ ఒక తేడా ఉంది. కట్టెలు పొద్దునా సాయంత్రం వేస్తే చాలు. యొంతాన్ ఆరకూడదు. ఆరిందంటే మళ్ళీ రాజేయడం పెద్ద తతంగం. దిమ్మ ఎనిమిది పది గంటలు కాలుతుంది, అంటే లెక్కప్రకారం రాత్రి ఏ రెండింటికో మూడింటికో మార్చాలి. అలారం గడియారాలు కూడా లేని ఇళ్ళలో ఆ సమయానికి మెలకువ తెచ్చుకునేది తల్లే. చలిలో లేచి, పట్టకారుతో కాలిపోయిన దిమ్మ తీసి, ఇంకా ఎర్రగా ఉన్నదాన్ని కిందికి చేర్చి, కొత్తది పైన పెట్టి, రెండింటి చిల్లులూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చునేట్టు తిప్పాలి. చిల్లులు కలవకపోతే మంట ఎక్కదు. ఆ పొగ మొహానికి కొట్టకుండా ఊపిరి బిగబట్టి చెయ్యాలి. కాలిపోయిన బూడిద దిమ్మలు కూడా పారేసేవి కావు. మంచు గడ్డకట్టిన సందుల్లో ఎవరూ జారిపడకుండా చితక్కొట్టి చల్లేవాళ్ళు.

ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. వాసన లేదు, రంగు లేదు. కట్టెల పొగైతే దగ్గు వచ్చి మెలకువైనా వస్తుంది. దీనికి అదీ లేదు. నేల మీద మట్టి ఎక్కడో సన్నగా పగులుతుంది, కాగితం కింద కనపడదు. రాత్రి నిద్రలో ఆ పగులులోంచి పైకి వస్తుంది. 1960ల నుంచి 1980ల దాకా ప్రతి చలికాలం వందలమంది అలా నిద్రలోనే పోయారు. తలనొప్పితో, వాంతులతో లేచి బతికి బయటపడ్డవాళ్ళకు లెక్కే లేదు. ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చి వాళ్ళను చల్లగాలిలోకి లాక్కొచ్చి, ముల్లంగితో పెట్టిన పుల్లని నీళ్ళ కిమ్చి రసం తాగించేవాళ్ళు. అదే మందని నమ్మేవాళ్ళు. నిజానికి బతికించేది ఆ చల్లగాలే. ‘రిప్లై 1988’ సీరియల్ చూసినవాళ్ళకు ఆ గోలంతా తెలిసే ఉంటుంది. అందులో నవ్వు తెప్పించేలా తీశారు. ఆ కాలపు తల్లులకు మాత్రం ప్రతి రాత్రీ పడుకోబోయే ముందు నేలంతా చేత్తో తడిమి పగుళ్ళు వెతుక్కోవడం, కిటికీ ఒక వేలు సందు తెరవాలా వద్దా అని తేల్చుకోవడం ఉండేది. తెరిస్తే పిల్లలకు చలి. మూస్తే ఆ భయం.

మన దగ్గర కూడా ప్రతి చలికాలం ఏదో ఒక మూల నుంచి, మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళ వార్త పేపర్లో కనిపిస్తూనే ఉంటుంది. అందుకే ఇందాక కుంపటి గురించి ఆ మాట అన్నాను.

దీనికి విరుగుడు అపార్ట్‌మెంట్లతోపాటు వచ్చింది. మొదట్లో కట్టినవాళ్ళు పాశ్చాత్య పద్ధతిలో గోడకు రేడియేటర్లు బిగించి ఊరుకున్నారు. జనానికి నచ్చలేదు. నేల చల్లగా ఉన్న ఇల్లు ఇల్లెలా అవుతుందని వాళ్ళ బాధ. 1970ల నుంచి సిమెంటు నేలలో గొట్టాలు పరిచి, వాటిలో వేడినీళ్ళు తిప్పడం మొదలైంది. నిప్పు నేల కింద నుంచి జరిగి ఒక మూల బాయిలర్‌లోకి పోయింది. మొదట ఆ బాయిలర్లకూ యొంతానే, తరవాత నూనె, ఆపైన గ్యాసు. రేడియేటర్లకు 60, 70 డిగ్రీల నీళ్ళు కావాలి. నేల మొత్తం వేడిని పంచుతుంది కనుక ఈ గొట్టాలకు 40 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నా సరిపోతుంది, మనం తలంటుకు తొలుపుకునే నీళ్ళకన్నా కొంచెం వేడి, అంతే.

1991లో ఒక బాయిలర్ కంపెనీ టీవీ ప్రకటన కొరియా అంతటా మారుమోగిందట. పల్లెలో చలికి వణుకుతున్న ముసలి తల్లిదండ్రులు, ఇక్కడ నగరంలో కోడలు భర్తతో అంటుంది, మామయ్యగారి ఇంటికి బాయిలర్ పెట్టించాలండీ అని. ప్రకటన రాసినవాడు తెలివైనవాడు. అన్ని వందల ఏళ్ళు మామగారి నేల వెచ్చబెట్టింది కోడలే కదా. ఇప్పుడు కూడా ఆమె నోటే చెప్పించాడు, కాకపోతే రాత్రి లేవనక్కర్లేదు.

మా పిన్ని కూతురు సోల్ పక్కన సువాన్‌లో ఉంటోంది, మా మరిది ఉద్యోగం అక్కడ. గోడకు చిన్న మీట ఉంటుందట, గది గదికీ వేడి ఎంత కావాలో అందులో పెట్టుకోవచ్చు, ఊరెళ్తుంటే దానికి వేరే బొత్తం. దాని అనుభవం ప్రకారం ఒండోల్ వల్ల మన తెలుగువాళ్ళకు అన్నిటికన్నా పెద్ద లాభం ఇడ్లీపిండి. జనవరిలో గిన్నెను నేలమీద పెట్టి పైన తువ్వాలు కప్పితే పొద్దుటికి పొంగి పొర్లుతుందట. మేజు దిమ్మలు పులిసిన నేలకు మినపపిండి ఒక లెక్కా! ఇంకో విషయం కూడా చెప్పింది. ఇంటి యజమానురాలు, డెబ్బై ఏళ్ళ ఆవిడ, ఎవరైనా వస్తే ఇప్పటికీ గదిలో ఒక వైపుకు చెయ్యి చూపించి, అరెన్‌మోక్‌లో కూర్చోమంటుందట. గొట్టాలు గది నిండా ఒకేలా తిరుగుతున్నాయి. ఏ మూలైనా ఒకే వేడి. ఆ మాటకు ఇప్పుడు మర్యాద తప్ప వేరే అర్థం లేదు. పెద్దల చోటూ లేదు, తలుపు పక్కన కోడలి చల్లని మూలా లేదు. బొంత కింద అన్నం గిన్నె కూడా లేదు, కరెంటు కుక్కర్ ఉంది.

2018లో ఒండోల్ సంస్కృతిని కొరియా ప్రభుత్వం జాతీయ వారసత్వంగా ప్రకటించింది. ఇలాంటివి ప్రకటించేటప్పుడు సాధారణంగా ఆ విద్యలో ఆరితేరిన ఫలానా వ్యక్తి అని ఒకరి పేరు చేరుస్తారు. దీనికి మాత్రం ఎవరి పేరూ పెట్టలేదు. దేశమంతా వాడేదే కదా అన్నారు.

యొంతాన్ పూర్తిగా పోలేదు. సోల్ అంచుల్లో, మరికొన్ని ఊళ్ళలో కొండవాలు బస్తీలున్నాయి, గ్యాసు గొట్టం ఎక్కనివి. అక్కడ ఎక్కువగా ఒంటరి ముసలివాళ్ళే. చలికాలం మొదట్లో కాలేజీ పిల్లలూ ఆఫీసులవాళ్ళూ వచ్చి, బండి వెళ్ళని సందుల్లో వరసగా నిలబడి, నల్లని దిమ్మల్ని చేతులు మార్చుకుంటూ ఒక్కో ఇంటి గుమ్మం దాకా చేరుస్తారు. ఫొటోల్లో చూశాను, అందరి మొహాల మీదా మసి. దిమ్మలు గోడవారగా పేర్చి వాళ్ళు వెళ్ళిపోతారు. రాత్రి ఏ రెండింటికో మూడింటికో ఆ ఇంటి ముసలావిడ లేచి, పట్టకారు పట్టుకుని, చిల్లులు కలిసేట్టు తిప్పి, మళ్ళీ వచ్చి పడుకుంటుంది.